టీచరవుతానన్న పిల్లను ఎవరూ నమ్మలేదు

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతే ఇది. చందానగర్ మార్కెట్‌లో కాంటా సున్నా దగ్గర ఉందో లేదో చూడందే బెండకాయలు వేయనివ్వను. పాలప్యాకెట్ మీద తేదీ చూడందే గిన్నెలో పోయను. "నువ్వు బడిల గాదు, పోలీస్ టేషన్‌ల ఉండాల్సిన మనిషివి" అంటాడు మా ఆయన. బడిలో పనిచేసేవాళ్లకే అనుమానం ఎక్కువ అవసరమని ఆయనకు తెలియదు. పోలీసుల దగ్గరికి దొంగలు మాత్రమే వస్తారు. నా దగ్గరికి తల్లిదండ్రులు వస్తారు.

తెల్లాపూర్ దారిలో, లెవెన్త్, ట్వెల్త్ కూడా ఉన్న ఒక బడికి నేను ప్రిన్సిపాల్‌ని. దసరా దాటిందంటే మా గేటు ముందు జాతర మొదలవుతుంది. జూనియర్ కాలేజీల పీఆర్వోలు స్వీట్ల డబ్బాలు పట్టుకుని వస్తారు. వాళ్లకు కావలసింది మా టెన్త్ పిల్లల ఫోన్ నంబర్లు. విదేశాలకు పంపిస్తామనేవాళ్లు వస్తారు. పిల్లల వేలిముద్రలు తీసి డాక్టరో ఇంజినీరో ఇప్పుడే చెప్పేస్తామనేవాళ్లు కూడా వస్తారు. వీళ్లను వాచ్‌మన్ దాటి రానివ్వను. ఒకతను నేను లేనప్పుడు నా టేబుల్ మీద కాజూ కత్లీ డబ్బా పెట్టి పోతే, వాచ్‌మన్‌ను బస్టాప్ దాకా పరిగెత్తించి తిరిగి ఇప్పించాను. స్టాఫ్‌రూమ్‌లో నన్ను రెండు రోజులు తిట్టుకున్నారట.

నాకొక పద్ధతి ఉంది. లెవెన్త్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకునే ముందు, ప్రతి టెన్త్ పిల్లతోనూ పిల్లాడితోనూ విడిగా అరగంట కూర్చుంటాను. తలుపు మూసేస్తాను. తల్లిదండ్రులు ఉండకూడదు. లోపల మాట్లాడుకున్నది బయటికి పోకూడదు, ఆ పిల్లలే చెప్పుకుంటే తప్ప. ఈ పద్ధతి ఎందుకు పెట్టానంటే, అమ్మానాన్నలు పక్కన ఉంటే ఏ ప్రశ్న వేసినా పిల్లల కళ్ళు ముందు వాళ్ల మొహాల మీదికి పోతాయి. జవాబు ఆ మొహాల్లోంచి ఏరుకుని నాకిస్తారు.

ఒంటరిగా కూర్చోబెట్టినా మొదటి జవాబు నేను నమ్మను. "ఏఐ చేస్తాను మేడమ్" అంటారు. ఆ గొంతు పిల్లవాడిది, మాట వాళ్ల నాన్నది. అందుకని ఏ పని పేరు చెబితే ఆ పని జరిగేచోటికి కొన్ని శనివారాలు పంపిస్తాను. డాక్టరన్నవాళ్లు దవాఖానలో ఓపీ దగ్గర నిలబడాలి. లాయరన్నవాళ్లు కోర్టు వరండాలో కూర్చోవాలి. వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చినవాళ్లను మళ్ళీ అడుగుతాను. రెండోసారి వచ్చే జవాబులో కాస్త నిజం ఉంటుంది. తల్లిదండ్రులకు ఇది నచ్చదు. శనివారం కోచింగ్ పోతుందని గొడవ. ఆ కోచింగ్ ఏదో ఆదివారం పెట్టుకోమంటాను.

ఆ సంవత్సరం లెక్కల్లో అందరికంటే ముందున్న పిల్ల ఒకతి నా గదిలోకి వచ్చింది. నెమ్మదైన పిల్ల. ఏదడిగినా ముందు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకున్నాకే మాట్లాడేది.

"ఏం చేద్దామనుకుంటున్నవ్ బిడ్డా?" అన్నాను.

తుడుచుకుంది, పెట్టుకుంది. "టీచర్‌నవుతాను మేడమ్."

నాకు నవ్వొచ్చింది. ప్రిన్సిపాల్ ఎదుట కూర్చుని టీచరవుతాననడం కంటే పెద్ద మస్కా ఏముంటుంది?

"నాకెందుకు మస్కా కొడుతున్నవ్? నీకు మార్కులేసేది నేను గాదు."

"మస్కా కాదు మేడమ్. చిన్నపిల్లల టీచర్. ఒకటో తరగతి, రెండో తరగతి."

ఇన్నేళ్లలో ఆ గదిలో ఆ మాట అన్న పిల్ల లేదు. ఐటీ వాళ్ల పిల్లలు అనలేదు, వాళ్ల కార్లు నడిపేవాళ్ల పిల్లలు అనలేదు. మా టీచర్ల కన్నపిల్లలే అనలేదు. అందుకని నాకు రకరకాల అనుమానాలు వచ్చాయి. ఇంట్లో గొడవపడి నాన్న మీద కసితో అంటోందా? సులువైన పని అనుకుంటోందా? లేక ఏ సినిమాలోనో చూసిందా?

సరే, వదిలించేద్దామనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. జీతం గురించి చెప్పాను. సాయంత్రానికి కాళ్ళు ఎలా లాగుతాయో, మార్చి వచ్చేసరికి గొంతు ఎలా పోతుందో చెప్పాను. పేరెంట్స్ మీటింగ్‌లో నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రతండ్రి కూడా మనతో ఎలా మాట్లాడతాడో చెప్పాను. మా ఫ్లాటు మా ఆయన జీతంతో కొన్నదని కూడా చెప్పాను. "నీకు లెక్కలొస్తయ్. చక్కగ ఎంపీసీ తీసుకో. ఈ పని నీకొద్దు" అన్నాను. అరగంటా అదే చెప్పాను.

అన్నీ విన్నది. "సరే మేడమ్" అంది.

"ఏంది సరే?"

"మీరు చెప్పింది అర్థమైంది. కానీ నేను టీచర్‌నే అవుతాను."

మొండిఘటం. ఖాజాగూడలో రాళ్ల వెనక, కట్టుబడి పనికి వచ్చినవాళ్ల పిల్లల కోసం రేకుల కప్పు కింద రెండు గదుల బడి ఉంది. ఒకప్పుడు నాతో పనిచేసిన టీచరమ్మే దాన్ని నడుపుతోంది. శనివారాలు అక్కడికి పొమ్మన్నాను. రెండు శనివారాల్లో ఈ ముచ్చట తీరిపోతుందనుకున్నాను. తీరిపోవాలనే కోరుకున్నాను కూడా. లెక్కలు అంత బాగా వచ్చిన పిల్ల ఈ సుద్దముక్కల బతుకులోకి రావడం నాకే ఇష్టం లేదు.

పంపించి ఊరుకుంటానా? మొదటి శనివారం సాయంత్రమే ఆ టీచరమ్మకు ఫోన్ చేశాను.

"పిల్లలు నెత్తికెక్కి తొక్కుతున్నరు మేడమ్" అంది ఆవిడ. "బోర్డు మీద ఒక లెక్క రాసేసరికి సగంమంది బయటికురికిన్రు."

రెండో శనివారం చేశాను. "ఇయ్యాల ఏడ్సింది పాపం. మూలకు పోయి కండ్లు తుడుసుకుంది." నాకు ప్రాణం కుదుటపడింది. ఇక రాదనుకున్నాను.

మూడో శనివారం చేశాను. "నేను తాళం తీసేటాలకే వచ్చి మెట్ల మీద కూసుంది మేడమ్" అంది.

ఇది నాకు నచ్చలేదు. ఏడ్చిన చోటికి అంత పొద్దున్నే ఎవరు వస్తారు? "జర చూడమ్మా, ఆడ ఎవరన్న పిల్లగాని కోసం వస్తున్నదేమో" అన్నాను. ఆవిడ ఫోన్‌లో పగలబడి నవ్వింది. "ఈడ ఉన్న మగపిల్లలందరికి పాలపండ్లే ఊడలేదు మేడమ్" అంది. నవ్వితే నవ్వింది గాని నా అనుమానం పోలేదు.

ఆ తర్వాతి సోమవారం పిల్ల తండ్రి వచ్చాడు. కడప వైపు మనిషి, తెల్లాపూర్‌లో ఫ్లాటు. ఆఫీసుకు పోతూ దారిలో ఆగినట్టున్నాడు, మెడలో ట్యాగు అలాగే ఉంది. ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టి కూర్చున్నాడు. ఏం పనిచేస్తారని అడిగితే చెప్పాడు. కంపెనీల్లో కొత్తగా ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల పాత సంగతులు కనుక్కునే పని. ఎక్కడ చేశామన్నారు, నిజంగా చేశారా, ఎందుకు మానేశారు అని పాత ఆఫీసులకు ఫోన్లు చేసి ఆరా తీస్తారు. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవాళ్లను పట్టుకుంటారు. వినగానే మనిషి నా జాతే అనిపించింది. ఒక్క క్షణం అభిమానం కూడా కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"ఆ గదిలో మా పాపకు ఏం చెప్పినారు మేడమ్?"

"అది చెప్పను సార్. పిల్లలకు మాటిచ్చిన."

"పాప చెప్పదు, మీరూ చెప్పరు. మేము ఎవురిని అడగల్ల?" గొంతు పెంచలేదు. ఆఫీసులో కూడా ఇలాగే అడుగుతాడేమో. "మ్యాథ్స్‌లో తొంభై ఎనిమిది వచ్చే పాప. మీ గదిలోకి పోయి వచ్చినాక ఇంట్లో టీచరవుతానంటాంది. డాక్టరన్నా నమ్ముదును, కలెక్టరన్నా నమ్ముదును. మీ గదిలో నుంచి బయటికొచ్చి మీ పనే కావాలంటాంటే ఏమనుకోవల్ల మేడమ్ నేను?"

న్యాయమైన ప్రశ్న. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని, ఇంకా ఘాటుగా. నాలుక చివర ఒక్క మాట ఉంది. "నేనే వద్దన్న సార్." ఆ ఒక్క మాట అంటే నేను బయటపడిపోతాను. కానీ ఒక పిల్ల విషయంలో తలుపు తీస్తే, వచ్చే ఏడు ఏ పిల్లా ఆ గదిలో నోరు విప్పదు. మాట మింగేశాను.

ఆయన అంతటితో ఆగలేదు. "పోయినేడు ఆర్ట్స్ గ్రూపు పెట్టినారు గదా. ఎంతమంది చేరినారు?"

"తక్కువమందే."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ వినగానే నాకు ఒళ్ళు మండింది.

"మీ పాపను పట్టుకొచ్చి నా సెక్షన్ నింపుకునే గతి నాకు పట్టలేదు సార్."

"అందరూ అట్లనే అంటారు మేడమ్. ఫోన్ చేసి కనుక్కుంటే వేరేది తెలుస్తాది" అని లేచి, ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఏ ఫోనో, ఎవరికో నాకు అర్థం కాలేదు. ఊరికే బెదిరించాడనుకున్నాను.

రెండు మూడు రోజులు గడిచాయి. ఇంతకుముందు నేను చాలాకాలం పనిచేసిన బడి నుంచి ఒక పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఏంది మేడమ్, పెద్ద ఇంటర్నేషనల్ స్కూల్‌కు పోతున్నరంట? మాకు చెప్పనే లేదు. దావత్ ఎప్పుడు?" అంది.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా సార్‌కు ఎవరో ఫోన్ చేసి మీ గురించి మొత్తం అడిగిన్రంట. ఎప్పుడు చేరిన్రు, ఎందుకు మానిన్రు, మంచిగ పనిచేసిన్రా అని. ఆఖరికి మేడమ్‌ను మల్ల తీసుకుంటరా అని గూడ అడిగిన్రంట."

ఆ బడి నడిపే సార్ ఎవరో కాదు, మా బడి చైర్మన్‌కు వియ్యంకుడు. వాళ్ల అబ్బాయికి మా చైర్మన్ కూతురిని ఇచ్చారు. ఆ ఇంట్లో పోపు వేస్తే ఈ ఇంట్లో తుమ్ములొస్తాయి.

మర్నాడే చైర్మన్ ఒకావిడను వెంటబెట్టుకుని బడి అంతా తిప్పారు. ల్యాబ్ చూపించారు, లైబ్రరీ చూపించారు. నా గదిలోకి కూడా వచ్చి, "మా చుట్టాలమ్మాయి, ఊరికె సూడనీకొచ్చింది" అన్నారు. ఊరికే చూడ్డానికి వచ్చినావిడ నా బీరువా ఎత్తు, ఏసీ ఏ కంపెనీదో చూసింది. రేపటి నుంచి ఆ గది తనదే అన్నట్టు కిటికీ కర్టెన్ పట్టుకుని నలిపి చూసింది. చైర్మన్ నన్ను ఏమీ అడగలేదు. నమస్తే పెడితే తల ఊపారు, అంతే. నేనూ ఆయన దగ్గరికి పోయి ఇదేంది సార్ అని అడగలేదు. ఆయన చెప్పనిది నేనెందుకు అడగాలని పౌరుషం.

ఆ వారమంతా అందరి మీదా నిఘా పెట్టాను. వైస్ ప్రిన్సిపాల్ నన్ను చూసి ఎప్పటికంటే కాస్త ఎక్కువ నవ్వినట్టనిపించింది. ఎకౌంట్స్ అతను నన్ను చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాకు శత్రువులెవరో వేళ్ల మీద లెక్కబెట్టబోయి, వేళ్ళు చాలక మానేశాను. ఈ వయసులో కొత్త బడి వెతుక్కోవడమంటే మాటలా? ఇంట్లో మా ఆయనతో కూడా చెప్పుకోలేదు, నవ్వుతాడని.

ఒకరోజు మధ్యాహ్నం డబ్బా తెరిచి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాను. "మళ్ళీ తీసుకుంటారా?" ఈ ప్రశ్న బడులవాళ్లది కాదు. ఒక టీచర్ గురించి ఇంకో బడివాళ్లు ఆరా తీస్తే అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. పోతూ పోతూ పిల్లల్ని వెంట తీసుకుపోయిందా? చెయ్యి చేసుకుంటుందా? ఏడాది మధ్యలో వదిలేసి పోతుందా? అంతేగాని, మళ్ళీ తీసుకుంటారా అని ఏ బడివాళ్లూ అడగరు. అది ఆఫీసుల ప్రశ్న. మెడలో ట్యాగున్న మనిషి అడిగే ప్రశ్న.

చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాను. "మా పాత బడికి ఫోన్ చేసింది మీరేనా సార్?"

బుకాయిస్తాడనుకున్నాను. "నేనే మేడమ్" అన్నాడు. "మీరు ముందు చేసిన రెండు బడులకు చేసినాను. చదువుకున్న కాలేజీకి చేసినాను. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లతోనూ మాట్లాడినాను. కొత్తగా చేరే ఎంప్లాయీకే ఇన్ని చేస్తాం, మా పాపను మీ చేతిలో పెట్టినాను గదా." కాస్త ఆగి, నాకు శుభవార్త చెబుతున్నట్టు అన్నాడు. "మీ మీద ఏమీ రాలేదు మేడమ్. అన్నీ గ్రీన్."

"నా కుర్చీ కింద మంట పెట్టి గ్రీన్ అంటరా?" అన్నాను. ఉన్న సంగతంతా చెప్పాను.

"ఇప్పుడుండే ఆఫీసుకు మేము ఎప్పుడూ చేయం మేడమ్. అట్ల చేస్తే మనిషి ఉద్యోగం పోతాది. అందుకే పాత చోట్లకే చేసినాను" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే భయం ఉంది.

"మీ ఆఫీసుల్ల పాత చోటు వేరు, కొత్త చోటు వేరు. మా దగ్గర వాళ్లిద్దరు పిల్లనిచ్చుకున్నోళ్లు సార్."

"రేపు నేనే వచ్చి మీ చైర్మన్ గారికి చెప్తాను" అన్నాడు. నేను నమ్మలేదు.

వచ్చాడు. చైర్మన్ గదిలో నన్నూ కూర్చోబెట్టారు. తండ్రి జరిగింది జరిగినట్టు చెప్పాడు, తనే ఫోన్ చేశానని, మేడమ్‌కు తెలియదని. చైర్మన్ మొహం కాస్త తేటబడింది గాని, వెంటనే ఇంకో అనుమానం పట్టుకుంది.

"గట్లయితే పేరెంట్‌కు గంత డౌట్ ఎందుకొచ్చింది? ఆ పిల్లకు గదిల ఏం చెప్పిన్రు మేడమ్?"

"చెప్పను సార్."

"మేనేజ్‌మెంట్‌కు గూడ చెప్పరా?"

"ఎవ్వరికి చెప్పను."

ఆయనకు కోపం వచ్చింది. పిల్లను పిలిపించమన్నారు. క్లాసులోంచి వచ్చి గోడ పక్కన నిలబడింది. అందరి మొహాలూ చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎవరూ అడగకముందే చెప్పింది.

"మేడమ్ నన్ను టీచరవ్వొద్దన్నారు సార్."

"ఏందీ?" అన్నాడు తండ్రి.

"జీతం ఉండదన్నారు. కాళ్ళు నొప్పులు పుడతాయన్నారు. నీకు లెక్కలొస్తాయి, ఎంపీసీ తీసుకో అన్నారు. అరగంట అదే చెప్పారు."

తండ్రి నా వైపు తిరిగాడు. ఆ మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది గదా మేడమ్. నేను అనవసరంగా..." అని ఆగిపోయాడు. చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలారు. "గంతేనా? గిదా ముచ్చట? మంచిగనే చెప్పిన్రు కద. ఇగ మేడమ్, గదే మాట ఇప్పుడు మా అందరి ముంగట మల్లొకసారి చెప్పున్రి. పిల్ల ఇంటది. ఈడికి ఖతం."

ఒకసారి ఆ గదిలో చెప్పిన మాటే. మళ్ళీ చెబితే నా కుర్చీ నాకుంటుంది, తండ్రి సంతోషంగా ఆఫీసుకు పోతాడు, చైర్మన్ టీ తెప్పిస్తారు. పిల్ల నన్నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు ఏమీ చూడలేదు. ఏం చెబుతానో చూద్దామన్నట్టు చూసింది. నాకు ఆ మెట్లు గుర్తొచ్చాయి, తాళం తీయకముందే వచ్చి కూర్చుందన్న మెట్లు. ఆ రోజు ఫోన్‌లో ఆ మాట వినగానే, ఈ పిల్ల ఇక మానదని నాకు తెలిసిపోయింది. తెలిసీ మగపిల్లల గురించి అడిగాను.

"చెప్పను సార్" అన్నాను. "ఆ దినం నాకీ పిల్ల గురించి తెల్వక చెప్పిన. ఈమె టీచరే అయితది. ఖాజాగూడల పిల్లలు ఈమె మాట ఇంటలేరు. మూలకు పోయి ఏడ్సింది. ఏడ్సి మానేస్తదనుకున్న. మర్వారం తాళం తీయకముందే పోయి కూసుంది. గట్లాంటోళ్లే ఈ పనిల నిలబడేది."

"మీకెట్ల తెలుసు ఇదంతా?" అన్నాడు తండ్రి. వెలుగంతా పోయింది.

"ఫోన్ చేసి కనుక్కున్న. వారం వారం."

పిల్ల తలెత్తింది. "మీరు కూడానా మేడమ్?" అంది.

తల ఊపాను.

"నాన్న ఇంట్లోంచే మీ గురించి నాలుగు చోట్ల అడిగారు, నేను విన్నాను. మీరు నా గురించి వారం వారం అడిగారు" అంది. "టీచర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మీరు అరగంట వద్దన్నారు. నాన్న ఇంట్లో మేడమ్ ఏం చెప్పింది, మేడమ్ ఏం చెప్పింది అన్నారు. నన్ను అడగలేదు."

చైర్మన్ టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపారు. బయట కారిడార్‌లో ఎవరో పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తుతున్నారు. తండ్రి కింద నేలనే చూస్తున్నాడు. మెడలో ట్యాగు తాడును వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"అడుగుతాండా పాపా" అన్నాడు చివరికి. "ఎందుకు?"

ఆమె మళ్ళీ కళ్ళజోడు తీసింది. చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉన్న మాట, అడిగేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టుంది.

"మొదట్లో ఇష్టం అని మాత్రమే తెలుసు నాన్నా. ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. అక్కడొక పిల్లకు తీసివేత రాదు. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే, తిరగేసి తీసేస్తుంది. నేను ఎన్ని రకాలుగా చెప్పినా అంతే. తనకు లెక్క రాదు, నాకు చెప్పడం రాదు. ఆ రోజు నేను ఏడ్చింది అందుకే, పిల్లలు అల్లరి చేసినందుకు కాదు. ఇంటికొచ్చి పడుకున్నా కూడా అదే ఆలోచించాను. తర్వాతి శనివారం పొద్దున్నే పోయి, తను రాగానే చింతగింజలు పెట్టి చెప్పాను. ఒక లెక్క వచ్చింది. ఒకటే. ఆ పిల్ల నా మొహం చూసి నవ్వింది." కళ్ళు తుడుచుకుంది. "మ్యాథ్స్‌లో తొంభై ఎనిమిది వచ్చినప్పుడు మీరందరూ సంతోషపడ్డారు నాన్నా. నాకేమీ అనిపించలేదు. అనిపించనందుకు నాకే భయం వేసింది. ఆ ఒక్క లెక్కకు అనిపించింది."

ఆయన కూతురి మొహం వంకే చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ లేదు, పాత ఆఫీసు లేదు, అడగడానికి ఇంకెవరూ లేరు. తర్వాత చైర్మన్ వైపు తిరిగాడు.

"రోజంతా అబద్ధాలు వినే పని సార్ నాది. అబద్ధం చెప్పేవాళ్ల గొంతు నాకు తెలుస్తాది" అన్నాడు. "ఇది అబద్ధం కాదు."

కుర్చీలోంచి లేచి పిల్ల దగ్గరికి పోయి, ఏం చేయాలో తోచనట్టు ఒక క్షణం నిలబడి, వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చింది పిల్ల, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. "లెవెన్త్ ఇక్కడే చదువుతాది మేడమ్. ఏం గ్రూపో మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాడు నా వైపు చూడకుండానే.

వాళ్లిద్దరూ వెళ్ళిపోయారు. నేనూ లేచాను. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి చైర్మన్ పిలిచారు.

"మేడమ్." ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. ఇన్ని రోజుల్లో ఆయన నా కళ్ళలోకి చూసింది అప్పుడే. "మీరు... పోతున్నరా మా బడి ఇడిసిపెట్టి?"

"లేదు సార్."

"ఉంటరా?"

"ఉంట."

అంతే మాట్లాడుకున్నాం. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది నాకు. ఆ రెండు మాటల కోసం వారం రోజులు ఎంత నరకం పడ్డానో తలచుకుంటే కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియక, ఎదురొచ్చిన వైస్ ప్రిన్సిపాల్‌ను కారిడార్‌లో ఆ పిల్లల అరుపులేంటని గట్టిగా కేకలేశాను.